మేధావిని ముడి దగ్గర చూడు

బత్తలపల్లి

పాపకు,

ఇక్కడ వాన ఇంకా మొహం చూపించలేదు.

నీ జాబు అందింది. బతికున్న క్రైస్తవ మేధావుల్లో అందరికంటే గొప్పవాళ్లెవరో చెప్పు, సెమినారుకు ఒకర్ని ఎంచుకోవాలి అని అడిగావు. పేర్లు చెప్పడం తేలికే. అయితే నేను చెప్పిన పేర్లు నువ్వు పట్టుకుపోతే ఎంచడం నీకెప్పుడు వస్తుంది? అందుకే ఈ పెద్ద జాబు.

2001లో అమెరికా టైమ్ పత్రిక స్టాన్లీ హవర్వాస్‌ను ఆ దేశంలోకెల్లా గొప్ప వేదాంతి అని రాసింది. ఆయన తాపీమేస్త్రీ కొడుకు. వేదాంతంలో అలాంటి కొలతే లేదని ఆయన బదులిచ్చాడు. ఆ మాట వినయానికి అన్నది కాదని నా నమ్మకం. ఒకరు తర్కంతో పెనుగులాడతారు, ఒకరు సువార్తల చరిత్ర తవ్వుతారు, ఇంకొకరు దళిత పేటలో పడే అవమానం గురించి అడుగుతారు. వీళ్లను ఒకే వరసలో నిలబెట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయలేం. అలాగని అందరూ సమానమేననీ అనను. మాటకారితనం వేరు, మేధ వేరు. సభలో జనం ఎంతమంది, వీడియో ఎంతమంది చూశారు అన్నది లెక్కలోకి తీసుకోవద్దు. ఎవరి పుస్తకమైనా తీసుకో, ఆ వాదనలో బాగా బిగిసిన ముడి ఎక్కడుందో వెదుకు. అక్కడికొచ్చేసరికి రచయిత పక్కకు తప్పుకుంటున్నాడా, గొంతు పెంచుతున్నాడా, కూర్చుని విప్పుతున్నాడా? నేను చూసేది అదే.

ఆల్విన్ ప్లాంటింగా సంగతి తీసుకుందాం. 1932లో పుట్టినాయన. దేవుడు సర్వశక్తిమంతుడు, దేవుడు పూర్తిగా మంచివాడు, లోకంలో కీడుంది, ఈ మూడు మాటలూ కలిసి పొసగవని 1955లో జె. ఎల్. మాకీ అనే తత్వవేత్త వాదించాడు. ప్లాంటింగా 1974లో ఒక చిన్న పుస్తకంలో దానికి జవాబు రాశాడు. నిజంగా స్వేచ్ఛ ఉన్నవాళ్లను సృష్టించాక, వాళ్లు ఎన్నడూ తప్పు చేయని లోకం దేవుడి ఒక్కడి చేతిలో ఉండకపోవచ్చు. కనుక ఆ మూడు మాటలకూ వైరుధ్యం లేదన్నాడు. బాగుంది. మరి ముడి ఎక్కడ? మన వేరుశనగ చేలోనే. మన అనంతపురం వైపు ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. ఊడలు దిగే పొద్దుకు అది కాస్తా ఎగ్గొడితే చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది, పీకి చూస్తే కాయల్లో గింజ ఉండదు. ఇందులో ఏ మనిషి స్వేచ్ఛ తప్పు చేసింది?

ప్లాంటింగా ఈ ప్రశ్నను దాటేయలేదు. మనుషులు కాని స్వేచ్ఛాజీవులు, అంటే ఆత్మలు, ఇలాంటి కీడుకు కారణం కావచ్చు అంటాడు. చాలామంది ఈ పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తారు. నువ్వు మూయొద్దు. అది అలాగే జరిగిందని ఆయన అనడం లేదు. అలా జరగడానికి వీలుంది అంటున్నాడు, అంతే. 'పొసగవు' అన్న వాదం పడిపోవడానికి ఆ వీలు ఒక్కటీ చాలు. తనకు ఎంత కావాలో అంతే అడిగాడు, గవ్వంత కూడా ఎక్కువ అడగలేదు. నేను మేధ అనేది దీన్ని. పంట పోయిన ఇంట్లో కూర్చుని ఈ వాదన వినిపిస్తే కడుపు నిండదు, కన్నీళ్లు ఆగవు. బాధలో ఉన్నవాళ్లకు కావలసింది కాపరి అని ఆయనే అదే పుస్తకంలో ఒప్పుకున్నాడు.

మన దగ్గరికి వద్దాం. నువ్వు చదువుతున్న యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలోనే 1981లో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం మొలకెత్తింది. ఆయన 1995లో పోయాడు. ఆ దారిలో నడిచినవాళ్లలో పెనియేల్ రాజ్‌కుమార్ 2010లో ఒక పుస్తకం తెచ్చాడు. దళిత వేదాంతం కాలేజీల్లో ఇన్నేళ్లుగా పాఠమైంది, మరి సంఘాల్లో అది చేసిన మార్పు ఇంత తక్కువేం అని తన పక్షాన్నే నిలదీశాడు. ఎదుటివాడి తప్పు పట్టడానికి తెలివి చాలు, దీనికి గుండె కూడా కావాలి. జవాబు కోసం ఆయన సువార్తల్లోని స్వస్థత కథల దగ్గరికి వెళ్లాడు. ఆ అధ్యాయాలు నీకు సులభంగా అందుతాయి. 1969లో అనంతపురం వచ్చిన ఫాదర్ ఫెర్రర్ సంస్థ కట్టిన ఆసుపత్రి మన ఊళ్లోనే ఉంది. ఏ పేట నుంచి వచ్చారని అడగకుండా చెయ్యి పట్టి నాడి చూడటం అంటే ఏమిటో నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక్క పేరైనా చెప్పమని నువ్వు పట్టుబడతావని తెలుసు. నీ సెమినారుకు సత్యనాథన్ క్లార్క్‌ను తీసుకో. 1998లో వచ్చిన పుస్తకంలో ఆయన తమిళ పరైయర్ల డప్పును క్రీస్తుకు గుర్తుగా చదివాడు. మన తప్పెట నీకు తెలుసు. గడ్డిమంట మీద తోలు కాచి, వేలితో తట్టి చూసి, మోగేదాకా మళ్లీ కాస్తారు. అందుకే ఇక్కడి ముడి పట్టుకోవడానికి నీకు ఎవరి సాయమూ అక్కర్లేదు. చావులకు వెట్టిగా వాయించిన వాయిద్యం అది. రక్షణ పొందామని చెప్పి, ఊరి ముందు తల వంచబోమని చెప్పి, ఎందరో దాన్ని పక్కన పెట్టేశారు. వాళ్లు సిగ్గుతో వదిలేసినది ప్రభువుకు గుర్తు ఎలా అవుతుంది? పైగా తప్పెట పట్టేది మగవాళ్లు. మరి మీ జేజి లాంటివాళ్లకు ఆ గుర్తులో చోటెక్కడ?

ఈ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసి పెట్టుకుని చదవడం మొదలుపెట్టు. ఆయన జవాబు నీకు నచ్చకపోతే నచ్చలేదనే సెమినారులో చెప్పు, ఎందుకో కూడా చెప్పు. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు పుస్తకం తీసుకురా. డప్పు గురించి రాసిన భాగాన్ని తెలుగు చేసి చదివి వినిపించు. పేటలో తప్పెట వాయించిన పెద్దాయన్ని ఒకర్ని పిలుస్తాను, ఆయనా వింటాడు.

ఆశీస్సులతో,
మీ జేజినాయన