వెన్నెల పూవు

నేపథ్యం

మొక్కల రూపాన్ని శాస్త్రీయంగా, సుందరంగా చిత్రించే కళ వృక్షచిత్రకళ. ఆ కళకు జీవితాన్ని అంకితం చేసిన ఒక చిత్రకారిణి కృషిని ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠం

కోసిన పూవు గంటలలోనే వాడిపోతుంది. ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్క ఆకారాన్ని నిలుపుకొన్నా, రంగును నిలుపుకోలేదు. ఒక జాతిని మరొక జాతినుండి వేరుచేసే సూక్ష్మలక్షణాలన్నింటినీ ఒకే చిత్రంలో స్పష్టంగా చూపగల శక్తి చిత్రకారుల పెన్సిలుకు ఉన్నది. అందుచేతనే కెమెరా వచ్చిన తరువాత కూడా వృక్షశాస్త్రానికి వారి అవసరం తీరలేదు.

అటువంటి చిత్రకారిణి మార్గరెట్ మీ. 'మీ' అన్నది ఆమె భర్త ఇంటిపేరు. 1909లో ఇంగ్లండులో జన్మించిన ఆమె లండనులో చిత్రకళను అభ్యసించారు. 1952లో బ్రెజిల్ దేశానికి వెళ్ళి, సావో పాలో నగరంలో చిత్రకళను బోధించారు. యాభయ్యో పడికి చేరువవుతున్న వయస్సులో, 1956లో, తొలిసారిగా అమెజాన్ అడవులకు ప్రయాణమయ్యారు. అది మొదలు 1988 వరకు ఆ అడవులలో పదిహేను యాత్రలు చేశారు. చిన్న పడవలలో ప్రయాణం, దోమల బాధ, అనారోగ్యం - ఏవీ ఆమె దీక్షను సడలించలేదు.

మొక్క పెరిగినచోటనే కూర్చొని పెన్సిలుతో రేఖలు గీయడం, ఎదుట ఉన్న పూవుతో సరిపోల్చుకుంటూ రంగులు కలిపి కాగితంపై అద్దడం ఆమె పద్ధతి. ఆ చిత్తుచిత్రాల ఆధారంగా ఇంటికి చేరిన తరువాత పూర్తి చిత్రాన్ని సిద్ధం చేసేవారు. తెల్లని కాగితంపై మొక్కను మాత్రమే చూపడం వృక్షచిత్రకళలో సంప్రదాయం. మార్గరెట్ తమ తరువాతి చిత్రాలలో మొక్కతోపాటు దాని వెనుకనున్న అడవిని కూడా చిత్రించారు. అడవి లేనిదే ఆ మొక్కకు మనుగడ లేదు. ఒకప్పుడు దట్టమైన వనాలుగా చూసిన నదీతీరాలు తరువాతి యాత్రలలో నరికి కాల్చిన నేలలుగా కనిపించినప్పుడు ఆమె ఆ విధ్వంసాన్ని బహిరంగంగా ఖండించారు.

రియో నెగ్రో నదీప్రాంతపు ముంపు అడవులలో, చెట్ల మానులను అంటిపెట్టుకొని పెరిగే ఒక మొక్క ఉన్నది. అది నాగజెముడు కుటుంబానికి చెందినది. దాని తెల్లని పూవు ఒక్క రాత్రి మాత్రమే వికసించి, తెల్లవారేసరికి ముడుచుకుపోతుంది. అదే వెన్నెల పూవు. అది విరిసే వేళలోనే చిత్రించాలని మార్గరెట్ ఎన్నో ఏళ్లు అన్వేషించారు. చివరకు 1988 మే నెలలో, తమ 79వ ఏట, టార్చిలైటు వెలుగులో ఆ పూవును చిత్రించగలిగారు. అదే ఆమె చివరి యాత్ర. ఆ సంవత్సరం నవంబరు 30న ఇంగ్లండులో జరిగిన కారు ప్రమాదంలో మరణించారు.

ఆమె చిత్తుచిత్రాల పుస్తకాలు లండనులోని క్యూ ఉద్యానంలో భద్రంగా ఉన్నాయి. కూలిన చెట్టును చిత్రం తిరిగి నిలబెట్టలేదు. కాని అక్కడ ఏమి ఉండేదో, మనం ఏమి పోగొట్టుకున్నామో అది సాక్ష్యం చెబుతుంది.

ప్రశ్నలు

1. వృక్షశాస్త్రానికి చిత్రకారుల అవసరం ఎందుకు తీరలేదు?
2. మార్గరెట్ చిత్రరచనా పద్ధతిని వివరించండి.
3. మొక్కతోపాటు అడవిని కూడా చిత్రించడంలోని ఆంతర్యమేమిటి?
4. మీ పరిసరాలలోని ఒక మొక్కను పెరిగినచోటనే పరిశీలించి, రంగు పెన్సిళ్లతో చిత్రించండి. దాని లక్షణాలను పది వాక్యాలలో రాయండి.