మనసులోని మాట చెప్పడం నేర్పుదాం

పరీక్షల రోజుల్లో హన్మకొండ, వరంగల్ హాస్టళ్ల నుంచి పిల్లలు కడుపునొప్పంటూ మా దగ్గరికి వస్తారు. డాక్టరుగారు చూస్తే ఒక్కోసారి జబ్బేమీ ఉండదు. ఉన్నది భయం. దానిని మాటల్లో చెప్పడం ఆ బిడ్డకు ఎవరూ నేర్పలేదు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత తెలంగాణలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. భావోద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 10 జీవన నైపుణ్యాలలో ఉన్నాయి. లెక్కల్లాగే ఇవీ బడిలో నేర్పవలసినవే.

ఉపాధ్యాయులారా, రోజూ 5 నిమిషాలు "మనసెలా ఉంది?" అని అడగండి. కోపం, దిగులు, సిగ్గు - పేరు పెట్టి చెప్పనివ్వండి.

తల్లిదండ్రులారా, మార్కులకంటే ముందు బిడ్డను పలకరించండి. "చచ్చిపోతాను" అంటే బెదిరింపని కొట్టిపారేయకండి. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ 14416కు 24 గంటలూ ఉచితంగా ఫోను చేయవచ్చు.