వేసవిలో పచ్చిపులుసు చేయు విధము

ఒంగోలు ప్రాంతపు రైతు సోదరులకు మనవి. ఫాల్గుణ చైత్రములలో కల్లములయందు మిరపకాయలు ఆరబోయువారికిని, వైశాఖమున వేసవి దుక్కులు దున్నువారికిని చెమటతో పాటు దేహమునందలి ఉప్పు కూడ పోవును. ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో ఉత్త నీరు ఎంత త్రాగినను ఆ లోటు తీరదు. వేడి కూరలు సహింపవు. ఇట్టి వేళ పొయ్యిపై కాగనక్కరలేని పులుసు మన ఇండ్లలో పూర్వమునుండియు కలదు. అదియే పచ్చిపులుసు. స్పెయిను దేశపు దక్షిణభాగమున కూడ టొమేటో, దోస, వెల్లుల్లి పచ్చిగనే నూరి గజ్‌పాచో అను చల్లని పులుసు చేయుదురు. వారి టొమేటోయు, మన మిరపయు అమెరికా ఖండమునుండి వచ్చిన పైరులే.

నలుగురికి పెద్ద నిమ్మపండంత చింతపండును కడిగి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో అరగంట నానవేసి, పిసికి వడకట్టవలెను. రెండు ఉల్లిపాయలను సన్నగా తరిగి, తగినంత ఉప్పుతో చేతితో నలిపి అందు కలుపవలెను. నలుపనిచో పులుసునకు రుచి పట్టదు. రెండు పచ్చిమిరపకాయలను నిప్పులపై కాల్చి చిదిమి, కొత్తిమిరతో కూడ వేయవలెను. బెల్లము పులుపు విరుగుటకే గాని తీపి తెలియునంత వేయరాదు. లేత దోసకాయ ముక్కలు వేయువారు ముందుగా చేదు చూడవలెను. చేదుకాయ రుచిని చెరచుటయే గాక వాంతులు కూడ కలిగింపవచ్చును. పిమ్మట ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకుతో తాలింపు పెట్టవలెను. ముద్దపప్పు కలిపిన అన్నమునకు దీనికి మించిన తోడు లేదు.

పులుసు కాగదు గనుక అందలి క్రిములు చావవు. నిప్పు చేయవలసిన పని మన చేతులే చేయవలెను. చెరువునీరైనను, బావినీరైనను తెర్లకాచియే వాడవలెను. అయితే కనిగిరి వైపు బావులలోని ఫ్లోరైడు కాచుటచే తొలగదు. అచ్చటివారు రక్షిత మంచినీటినే తెచ్చుకొనవలెను. మార్కెటు కొరకు వేసిన చేనిలో మందు చల్లినచో, డబ్బాపై వ్రాసిన గడువు తీరువరకు ఆ చేని కాయ కోసి ఇంటికి తేరాదు. పైపైన కడిగినంత మాత్రమున మందు పూర్తిగా పోదు. పెరటిలో మందు తగులని నాలుగు మిరపమొక్కలు పెంచుకొనుట మేలు.

చింతపండు పులుపు లోహమును తినును. కళాయి పోయిన రాగి, ఇత్తడి గిన్నెలలో ఈ పులుసు ఉంచినచో కిలుము దిగి విషమగును. రాచిప్ప గాని, మట్టిపాత్ర గాని, స్టీలుగిన్నె గాని మంచిది. తడియిసుకపై పాత్ర నుంచి, చుట్టును తడిగుడ్డ కట్టి, గాలి తగులుచోట పెట్టవలెను. తడి ఆరుకొలది పాత్ర చల్లబడును. వింతయేమనగా, వడగాలి వీచు దినముననే ఈ ఉపాయము బాగుగా పనిచేయును. సముద్రపు గాలికి ఉక్కపోయునాడు అంతగా చల్లబడదు. అంగడి మంచుగడ్డను పులుసులో వేయరాదు. అది ఏ నీటితో చేసినదో తెలియదు. గిన్నె చుట్టు పేర్చుకొనవచ్చును. మధ్యాహ్నము చేసినది మధ్యాహ్నమే ముగింపవలెను.

వడదెబ్బచే స్పృహ తప్పినవానికి పులుసు గాని, నీరు గాని నోట పోయరాదు. వెంటనే నీడకు చేర్చి, ఒడలంతయు తడిపి, విసరుచు ఆసుపత్రికి కొనిపోవలెను.