ఏటూరునాగారం నుంచి యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి

"మొన్న లైబ్రరీలో కూర్చుంటే తెరుచుకున్న పేపరే సార్, ఇంటికొచ్చి చూస్తే పైసలు అడుగుతున్నది." ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్ల దగ్గర తరచూ వినబడే మాట ఇది. పగలంతా ఏటూరునాగారం బళ్లోనో, ఆశ్రమ పాఠశాలలోనో, ఐటీడీఏ ఆఫీసులోనో, ఆస్పత్రిలోనో డ్యూటీ. చదువేమో హనుమకొండలోని కాకతీయ యూనివర్సిటీలోనో, హైదరాబాద్‌లోనో. హనుమకొండకే సుమారు వంద కిలోమీటర్లు. తాడ్వాయి అడవి, పస్రా, ములుగు దాటి వెళ్లాలి. యూజీసీ 2022 నిబంధనలు ఉద్యోగం చేసేవాళ్లకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి వీలిచ్చాయి, ఆఫీసు నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. సీటు సంపాదించడానికి పడే కష్టం అందరికీ తెలుసు. సీటు వచ్చాక, రాత్రి పిల్లలు పడుకున్న తర్వాత ఇంట్లో కూర్చుని ఆ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి ఎలా వెళ్లాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ వివరాలు.

ముందు పైసల సంగతి. పరిశోధన పత్రికల సైట్లు చాలావరకు మీరెవరో చూడవు, ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చారో చూస్తాయి. గేటు దగ్గర మనిషిని కాకుండా బండి నంబరు చూసి లోపలికి వదిలినట్టు. క్యాంపస్ వైఫైలో ఉండి సైన్స్‌డైరెక్ట్ తెరిస్తే పేజీ పైన మీ యూనివర్సిటీ పేరు కనబడుతుంది, పీడీఎఫ్ దిగుతుంది. అదే పేజీ ఇంట్లో మొబైల్ డేటా మీద తెరిస్తే ఆ పేరు ఉండదు, దాని బదులు కొనమనే బటన్ వస్తుంది. మా ఇంటి ఐపీ అడ్రస్ కూడా మీ లిస్టులో కలపండి అని లైబ్రరీని అడిగినా లాభం లేదు. మొబైల్ కంపెనీలు ఒకే బయటి అడ్రస్‌ను ఎంతోమందికి కలిపి వాడతాయి, అది మారుతూ కూడా ఉంటుంది.

ఆ బటన్ నొక్కి సొంత డబ్బు మాత్రం కట్టకండి. ఆ పేపరుకు ప్రభుత్వం ఈపాటికే కట్టి ఉండవచ్చు. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకాన్ని ఆమోదించింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 పెద్ద ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు ఇందులో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే 6,300కు పైగా ఉన్నత విద్య, పరిశోధన సంస్థల కోసం పెట్టిన పథకం ఇది. అంటే పెద్ద యూనివర్సిటీల స్కాలర్లకే కాదు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కూ ఇందులో వాటా ఉంది. ములుగు పక్కన జాకారంలో మొదలైన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన యూనివర్సిటీ లాంటి కొత్త సంస్థలకూ పనికొచ్చే ఏర్పాటు ఇది. మారుమూల ఉన్నవాళ్లకు కూడా అందాలన్నదే దాని ఉద్దేశం. కాబట్టి ఇంటి నుంచి దారి చూపమని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఇంటి నుంచి లోపలికి వెళ్లడానికి దారులు ముఖ్యంగా రెండు. బ్రౌజర్‌లో మీ ఐడీతో లాగిన్ కావడం ఒకటి. వీపీఎన్ రెండోది. ఏటూరునాగారం లాంటి చోట నుంచి పనిచేసేవాళ్లు మొదటిదాన్నే ముందు వాడాలి. వీపీఎన్‌ను నిజంగా అవసరమైన పనికి దాచుకోవాలి. ఎవరో ఒకరు "వీపీఎన్ వేసుకో, అన్నీ వస్తాయి" అని చెబుతారు. హైదరాబాద్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు అది సరిపోయే సలహా. మన సిగ్నల్‌కు సరిపోదు.

బ్రౌజర్ లాగిన్ ఎలా ఉంటుందంటే, మీకు కావలసిన పేపర్ పేజీలోనే 'యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్' అనో, 'ఇన్‌స్టిట్యూషనల్ లాగిన్' అనో చిన్న అక్షరాల్లో ఒక లింకు ఉంటుంది. కొనే బటన్ మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఇది కంటికి ఆనదు. దాన్ని నొక్కితే సంస్థ పేరు అడుగుతుంది. టైపు చేసి ఎంచుకోవాలి. కొన్ని సైట్లలో ముందు దేశాన్నో, ఇన్‌ఫెడ్ అనే పేరునో ఎంచుకోమంటుంది. ఇన్‌ఫెడ్ అంటే యూజీసీ కింద గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ సెంటర్ నడిపే లాగిన్ వ్యవస్థ. అక్కడి నుంచి మీ సంస్థ లాగిన్ పేజీకి వెళ్తారు. ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే తిరిగి అదే పేపరు దగ్గరికి వచ్చి దిగుతారు. ఇందులో మన సంస్థ దాకా వెళ్లొచ్చేది లాగిన్ ఒక్కటే. పీడీఎఫ్ నేరుగా ప్రచురణకర్త సర్వర్ నుంచి మీ ఫోన్‌కు వస్తుంది. మధ్యలో సిగ్నల్ పోయి వచ్చినా మళ్లీ మొదటికి రాదు, పేజీ రీలోడ్ చేస్తే సరిపోతుంది. అయితే ఈ ఐడీ దానంతట అది రాదు. అడ్మిషన్ నంబరే లాగిన్ అనుకుని ప్రయత్నించి వదిలేసేవాళ్లున్నారు. లైబ్రరీలో అడిగి ఖాతా తెరిపించుకోవాలి.

వీపీఎన్ పని వేరు. మీ ల్యాప్‌టాప్‌కు, యూనివర్సిటీకి మధ్య తాళం వేసిన గొట్టంలాంటిది ఏర్పడి, మీరు క్యాంపస్‌లోనే ఉన్నట్టు అవుతుంది. ల్యాబ్‌లోని కంప్యూటర్, డిపార్ట్‌మెంట్ సర్వర్, క్యాంపస్ లైసెన్సుతో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్, లోపలి వాళ్లకే తెరుచుకునే పోర్టల్ వంటివాటికి ఇది తప్పదు. చాలా చోట్ల దీనికి గైడ్ సంతకంతో దరఖాస్తు ఇవ్వాలి. ప్లే స్టోర్‌లో దొరికే ఉచిత వీపీఎన్ యాప్‌లు దీనికి పనికిరావు. అవి మిమ్మల్ని ఏ సింగపూర్‌లోనో ఉన్నట్టు చూపిస్తాయి తప్ప యూనివర్సిటీ లోపలికి చేర్చవు. పైగా మీ రాకపోకలన్నీ ముక్కూమొహం తెలియని కంపెనీ చేతిలో పడతాయి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద వీపీఎన్ వాడేవాళ్లు ముందుగా ఒక పని చేయాలి. విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి. లేకపోతే మీరు ఒక్క ఫైలు తెరుద్దామని కూర్చుంటే వెనకాల అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్‌లు డేటా మొత్తం తినేస్తాయి. కొన్ని యూనివర్సిటీల వీపీఎన్‌లో అవి కూడా క్యాంపస్ చుట్టూ తిరిగి వస్తాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, కనెక్ట్ అయినట్టే పచ్చగా కనబడుతుంది, కానీ ఏ పేజీ తెరుచుకోదు. పాస్‌వర్డ్ తప్పయితే అసలు కనెక్టే కాదు కాబట్టి దాన్ని అనుమానించకండి. మొబైల్ నెట్‌వర్క్‌లో వీపీఎన్ ప్యాకెట్లు పట్టనంత పెద్దవైనప్పుడు ఇలా జరగవచ్చు. ఆ ప్యాకెట్ సైజు పరిమితినే ఎంటీయూ అంటారు. "ఎంటీయూ తగ్గించి చూడమంటారా, 1300 పెట్టమంటారా" అని హెల్ప్‌డెస్క్‌ను అడగండి. విషయం తెలిసినవాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

సర్వర్ మీద గంటల తరబడి లెక్కలు నడిపే సైన్స్ వాళ్లు టీమక్స్, స్క్రీన్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకటి నేర్చుకోవాలి. వాటిలో మొదలుపెట్టిన పని సిగ్నల్ తెగినా అక్కడ నడుస్తూనే ఉంటుంది. మర్నాడు లాగిన్ అయి, వదిలేసిన చోటే అందుకోవచ్చు. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, ఎన్నో రాత్రుల నిద్ర మిగులుతుంది.

ఇక క్యాంపస్‌కు వెళ్లే రోజు. సెలవు పెట్టుకుని, తెల్లవారుజాము బస్సెక్కి వెళ్లే ఆ రోజును గైడ్ గది ముందు ఎదురుచూపులకే ఖర్చు చేయకండి. లైబ్రరీ, కంప్యూటర్ సెంటర్ పని ముందు పెట్టుకోండి. ఖాతా తెరిపించుకోవడం, పాస్‌వర్డ్ మార్చడం, వీపీఎన్ ఇన్‌స్టాల్ చేయించడం అక్కడే పూర్తి కావాలి. అక్కడే ఉండి, ఫోన్ వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకసారి లాగిన్ అయి చూడండి. ఇంట్లో వచ్చే తప్పు అక్కడే బయటపడుతుంది, పక్కనే సరిచేసే మనిషి ఉంటాడు. పెద్ద ఫైళ్లు, డేటాసెట్లు, సాఫ్ట్‌వేర్ ఆ రోజే దింపుకోండి.

రెండో అంచె భద్రతకు ఓటీపీ పెట్టమంటే ఎస్సెమ్మెస్ కాకుండా ఆథెంటికేటర్ యాప్ ఎంచుకోండి. ఎస్సెమ్మెస్ ఓటీపీ రావాలంటే సిగ్నల్ ఉండాలి. ఆలస్యంగా వచ్చేసరికి దాని గడువు తీరిపోతుంది. యాప్ ఫోన్‌లోని గడియారాన్ని బట్టి అంకెలు తయారుచేస్తుంది, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. ఫోన్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉంటే చాలు.

క్యాంపస్ వైఫై కూడా ఒక్కోసారి మొండికేస్తుంది. కనెక్ట్ అయినా లాగిన్ పేజీ రాకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఆఫ్ చేసి చూడండి. కంప్యూటర్ సెంటర్ వాళ్లు మీ ఫోన్ మాక్ అడ్రస్ (వైఫై గుర్తింపు నంబరు) రాయించుకున్న చోట, ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ అడ్రస్ చూపిస్తాయని గుర్తుంచుకోండి. ఆ ఒక్క వైఫైకి 'ఫోన్ మాక్' అని మార్చాలి.

ఎడ్యురోమ్ అనే వైఫై పేరు కనబడితే వదులుకోకండి. 2002లో ఐరోపాలో మొదలైన ఈ ఏర్పాటును మన దేశంలో ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. మీ యూనివర్సిటీ అందులో ఉంటే, అదే ఐడీతో ఎడ్యురోమ్ ఉన్న వేరే క్యాంపస్‌లోనూ, విదేశంలో సదస్సుకు వెళ్లినా వైఫై దొరుకుతుంది. ఫోన్‌లో పెట్టేటప్పుడు 'ఐడెంటిటీ' గడిలో రోల్ నంబరు ఒక్కటే రాస్తే కుదరదు, ఎట్ గుర్తు, ఆ తర్వాత సంస్థ డొమైన్ కూడా రాయాలి. 'సీఏ సర్టిఫికెట్' గడిలో చాలామంది తొందరలో 'డు నాట్ వాలిడేట్' అని పెట్టేస్తారు. అది చేయొద్దు. ఎవరైనా అదే పేరుతో దొంగ వైఫై పెడితే మీ పాస్‌వర్డ్ నేరుగా వాళ్లకు చేరే ప్రమాదం ఉంది. సరైన సర్టిఫికెట్, డొమైన్ పేరు కంప్యూటర్ సెంటర్ వాళ్లే చెబుతారు.

డిగ్రీ కాలేజీలో పనిచేసేవాళ్లకు ఇంకో తలుపుంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్‌లో మీ కాలేజీకి సభ్యత్వం ఉంటే లెక్చరర్లకు, విద్యార్థులకు విడివిడిగా ఐడీలు ఇస్తారు. వాటితో ఎక్కడి నుంచైనా ఈ-పుస్తకాలు చదవొచ్చు. శోధ్‌గంగలో దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మీ అంశం మీద ఇంతకుముందు ఎవరు ఏం చేశారో చూడాలంటే డబ్బులడిగే పేపర్ల కంటే ముందు వెళ్లాల్సిన చోటు అదే.

ప్రింట్ కోసం నెట్ సెంటర్‌కు వెళ్లినప్పుడు అక్కడి కంప్యూటర్‌లో యూనివర్సిటీ లాగిన్ తెరవకండి. పీడీఎఫ్ ఫోన్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పాస్‌వర్డ్ తోటి టీచర్‌కు కూడా ఇవ్వొద్దు. ఒకే ఐడీ మీద మూకుమ్మడిగా ఫైళ్లు దిగితే ప్రచురణ సంస్థ యూనివర్సిటీ మొత్తానికే కొంతకాలం యాక్సెస్ ఆపేయవచ్చు. అప్పుడు మీ ఒక్కరి పని కాదు, వందలమంది స్కాలర్ల పని ఆగుతుంది.

హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ రాసేటప్పుడు "నెట్ రావట్లేదు సార్" అని ఆపేయకండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ ఐడీతో, ఏ సిమ్ మీద, ఏ పేజీ తెరుస్తుంటే, తెరమీద సరిగ్గా ఏం వచ్చిందో రాసి, స్క్రీన్‌షాట్ జతచేయండి. పాస్‌వర్డ్ మాత్రం రాయకండి, దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు. మీరు రాసిన సమయం చూసి హెల్ప్‌డెస్క్ వాళ్లు తమ సర్వర్ రికార్డులో మీ లాగిన్ ప్రయత్నం వెతికి పట్టుకోగలరు. తర్వాతిసారి బస్సెక్కే ముందు లైబ్రరీకి ఫోన్ చేసి, ఖాతా గడువు ఎప్పుడు తీరుతుందో కూడా కనుక్కోండి. ఫీజు కట్టిన రసీదు లైబ్రరీకి చేరకపోతే ఖాతా నిలిచిపోవచ్చు. థీసిస్ ఇచ్చేశాక యూనివర్సిటీ మెయిల్ కూడా మూసేసే చోట్లున్నాయి. జర్నళ్లతో నడిపిన ఉత్తరాలు, డేటా ఆ లోపే సొంత మెయిల్‌కు, ఒక హార్డ్‌డిస్క్‌లోకి మార్చుకోవాలి.