అననీయ పొలము, బర్నబా పొలము

పాఠభాగము: అపొ. కార్యములు 4:32–5:11, గలతీ 2:11–14

అననీయ సప్పీరాల కథను మనము సాధారణముగా అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయము మొదటి వచనమునుండి చదువుదుము. అక్కడ మొదలుపెట్టుటచేతనే దానిలోని సగము అర్థము మనకు జారిపోవుచున్నది. లూకా తన గ్రంథమును అధ్యాయములుగా విభజించి వ్రాయలేదు. నేడు మనము వాడుకొను అధ్యాయముల విభజన 13వ శతాబ్దపు ఆరంభములో స్టీఫెన్ లాంగ్టన్ అను పండితుడు చేసినదని చెప్పుదురు. ఆయన తరువాత కాంటర్బరీ ఆర్చిబిషప్పాయెను. ఆ గీతను చెరిపివేసి చదివినయెడల, అననీయకు ముందు బర్నబా నిలిచియుండుట కనబడును. కుప్రలో పుట్టిన ఈ లేవీయుడు తన భూమిని అమ్మి, వెల తెచ్చి అపొస్తలులకు అప్పగించెను. ఆ వెంటనే లూకా అననీయను మన యెదుటికి తెచ్చుచున్నాడు. ఇద్దరును భూమి అమ్మిరి. ఇద్దరును సొమ్ము తెచ్చిరి. ఇద్దరును ఒక్క చోటనే పెట్టిరి. చూచువారి కన్నులకు తేడా ఏమియు లేదు.

అయితే అననీయ చేసిన పాపమేది? కొంత సొమ్ము ఉంచుకొనుటయే పాపమని పిల్లలకు చెప్పుట మనలో వాడుకగా నున్నది. పేతురు అట్లు చెప్పలేదు. పొలము అమ్మకముందు అది అననీయదే, అమ్మిన తరువాత సొమ్మును అతని వశములోనే యుండెనని పేతురే స్పష్టము చేసెను (5:4). ఎవరును బలవంతపెట్టలేదు. సగము తెచ్చి, ‘అయ్యా, ఇది సగమే, మిగిలినది మా యింటి అక్కరలకు ఉంచుకొంటిమి’ అని చెప్పియుండిన యెడల, ఆ దినమున సంఘము అతని నిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లించియుండునని మేము నమ్ముచున్నాము. బర్నబాకు కలిగిన పేరు అతనికి కావలెను. బర్నబా చెల్లించిన వెల మాత్రము అక్కరలేదు. కథను అధ్యాయపు గీత లేకుండ చదివినప్పుడు మాకట్లు తోచుచున్నది.

అననీయ ‘దాచుకొనెను’ అనుటకు లూకా వాడిన గ్రీకు మాట, గ్రీకు పాత నిబంధనలో ఆకాను చేసినదానికి వాడిన మాటయే (యెహోషువ 7:1). ఆకాను తాను తీసికొన్నదానిని తన డేరాలో నేలక్రింద దాచెను. అననీయ దాచినది తన కానుకక్రింద.

ఎవరికిని కనబడకుండ ఇచ్చుటకు ఆ దినములలో మార్గము లేకపోలేదు. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నా అను యూదుల గ్రంథము, యెరూషలేము దేవాలయములో రహస్యపు గది యొకటి ఉండెనని చెప్పుచున్నది. దైవభక్తులు ఎవరికిని తెలియకుండ అందులో తమ కానుకలు ఉంచుదురు. మంచి కుటుంబములో పుట్టి బీదలైనవారు ఎవరికిని తెలియకుండ దానిచేత పోషింపబడుదురు. యూదులందరిని పరిసయ్యులుగాను, పరిసయ్యులందరిని వేషధారులుగాను ఎంచి ప్రసంగించుట మనకు సుళువు. అట్టి గది మన దేవాలయములలో ఎక్కడనున్నది? మన గోడలమీద చలువరాతి పలకలున్నవి. ఫంకా రెక్కలమీద సహితము దాత పేరున్నది. అది తిరుగునప్పుడు చదువుట కష్టము గాని, ఆగినప్పుడు బాగుగా కనబడును! పేరు వ్రాయుటయే తప్పని మేము చెప్పము. బర్నబా పేరును లూకా వ్రాసెను గదా. అయినను పూటపూటకు వంటకు ముందు పిడికెడు బియ్యము ప్రభువు నిమిత్తము తీసి పెట్టిన మన తల్లుల పేర్లు ఏ పలకమీదను లేవు.

మూడు గంటలైన తరువాత సప్పీరా వచ్చెను. ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. భర్తకు జరిగినది ఆమెకు తెలియదు. పేతురు ఆమెను మొదట గద్దింపలేదు. పొలమును ఇంతకే అమ్మితిరా అని మాత్రమే ఆమెను విచారించెను. అది తెరచియుంచిన తలుపు. ‘లేదయ్యా, అంతకంటె ఎక్కువకే అమ్మితిమి’ అను ఒక్క మాట చాలును. ఆ మాట ఆమె నోట ఏల రాలేదు? ఇంటిలో ఇద్దరును కూడి ముందే ఒప్పుకొనియుండిరి గనుక. అబద్ధము ఒక్కని హృదయములో నున్నప్పటికంటె, ఇల్లంతయు కలిసి దానిని కాపాడుచున్నప్పుడు దానిని విడుచుట కష్టము. పాస్టరుగారు వచ్చినప్పుడు ఏమి చెప్పవలెనో, పెండ్లి సంబంధమువారు అడిగినప్పుడు ఏమి దాచవలెనో పిల్లలకు నేర్పు యిండ్లు మనలో లేవా?

మన బైబిలులో ‘వేషధారి’ అను మాట బహు సరిగా పడినది. గ్రీకులో ఆ మాటకు రంగస్థలముమీద వేషము కట్టువాడనియు అర్థమున్నది. మన వీధి భాగవతములో రాజు వేషము కట్టినవాడు ఎవరిని మోసపుచ్చడు. తెల్లవారుసరికి రంగు కడుగుకొని పొలమునకు పోవును. రంగు కడుగుకొననివానితోనే చిక్కు.

ఈ వేషము అననీయవంటి వారికే గాని మంచివారికి అంటదని తలంచుదుమేమో. గలతీ పత్రిక 2వ అధ్యాయము చూడుడి. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కూర్చుండి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి యాకోబు యొద్దివారు కొందరు రాగా, వారికి భయపడి వెనుకకు తీసెను. మిగిలిన యూదులును అట్లే చేసిరి. వారితోకూడ బర్నబాయు కొట్టుకొనిపోయెను. పౌలు ఆ పనికి పెట్టిన పేరు వేషధారణ. అననీయ ముసుగు తీసిన పేతురును, నిష్కపటముగా పొలము అమ్మి ఇచ్చిన బర్నబాయు, ఒక్క పంక్తి విషయములో ఇద్దరును వేషము కట్టిరి. ధనము విషయములో బర్నబా హృదయము ఎంత శుద్ధమైనను, మనుష్యులు ఏమనుకొందురో అను భయము మరియొక తలుపునుండి లోపల ప్రవేశించెను.

మన దేశములోని సంఘమునకు ఈ అధ్యాయము దూరపు కథ కాదు. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ తన ఆధీనములోని సంఘములలో కులభేదము ఏమాత్రము ఉండకూడదని పత్రిక వ్రాయగా, తంజావూరు, వేపేరి ప్రాంతములలో అనేకులు సంఘమును విడిచిపోయిరి. వారు చేసినది తప్పే. కాని వారు దాచలేదు. ఒక్క పాత్రలోనిది త్రాగి, ఒక్క చాపమీద కూర్చుండి, సహోదరా అని పిలిచి, ఇంటికి వచ్చి కుమార్తె పెండ్లిమాట వచ్చినప్పుడు మొదట కులమును విచారించువారిని గూర్చి ఏమి చెప్పుదుము? ప్రభువు బల్లయొద్ద మనము చూపిన ముఖము, ఇంటి అరుగుమీద మనము చూపు ముఖము ఒక్కటేనా? అంతియొకయలో పేతురు తన విశ్వాసమును మార్చుకొనలేదు. కొత్త సిద్ధాంతమేదియు బోధింపలేదు. విస్తరి మాత్రము మార్చుకొనెను. పౌలు దానినే సువార్త సత్యమునకు తగని నడవడియని అందరియెదుట చెప్పెను.

పేతురు ఆ గద్దింపునకు ఏమి జవాబు చెప్పెనో పౌలు వ్రాయలేదు. అయితే పేతురు తన మొదటి పత్రికలో విశ్వాసులు మానవలసిన వాటిలో వేషధారణను చేర్చెను (2:1). దానికి కొంచెము ముందు (1:22) సహోదర ప్రేమ నిష్కపటముగా నుండవలెనని వ్రాయుచు ఆయన వాడిన గ్రీకు మాట, ఆ వేషధారి అను మాటకే ‘లేని’ అను అర్థము చేర్చినది: వేషము లేని ప్రేమ.