ఎలుకకు తుపాకీ గుండు కాదు... తగిన ఎర ఎంచుకోండి

వరి పిలకలు తొడిగే రోజులు. పొద్దున్నే చేలోకి వెళ్లి చూస్తే గట్టు పక్కన నాలుగైదు దుబ్బులు ఏటవాలుగా కొరికి పడి ఉంటాయి. ఇది పురుగు పని కాదు, ఎలుక పని. అప్పుడు ఊళ్లో కుర్రాళ్లు, "ఎయిర్ గన్ ఒకటి కొందాం బాబాయ్, ఒక డబ్బా గుళ్లు చాలు" అంటారు. మొన ఉన్న గుండు మంచిదా, గుండ్రటిది మంచిదా అని చర్చ కూడా పెడతారు.

రైతు సోదరులారా, ఆ ఖర్చు మీకొద్దు. ఎలుక రాత్రి తిరుగుతుంది, పగలు కలుగులో దాక్కుంటుంది. చీకట్లో గురి కుదరదు. ఒకటి రెండు చచ్చినా కలుగుల్లో ఉన్నవి అలాగే ఉంటాయి. పైగా చేతిలో తుపాకీ ఉంటే చూపు కుందేలు మీదికో, కంజు పిట్ట మీదికో పోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటిని వేటాడటం నేరం. అందుకే ఎలుకకు ఎంచుకోవలసింది గుండును కాదు, ఎరను.

ముందు కలుగులు చూసుకోండి

కనిపించిన ప్రతి కలుగులోనూ మందు పెడితే డబ్బు దండగ. సాయంత్రం గట్ల మీద ఉన్న కలుగులన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు ఉదయం వెళ్లి చూడండి. తిరిగి తెరుచుకున్నవాటిలోనే ఎలుకలు ఉన్నట్లు లెక్క. వాటి పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. ఎర వాటికే పెట్టాలి.

ఏ ఎర ఎప్పుడు?

బ్రోమోడయోలోన్: మొదట ఎంచుకోవలసింది ఇదే. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. "మందు పనిచేయలేదే" అని కంగారు పడవద్దు. ఆలస్యంగా చావటమే ఇందులోని మేలు. దేని వల్ల చచ్చిందో మిగతా ఎలుకలకు తెలియదు కనుక అవీ తింటాయి.

కిలో ఎర తయారీకి 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల వంటనూనె, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమోడయోలోన్ మందు కావాలి. నూకలకు ముందు నూనె పట్టించి, తర్వాత మందు కలపాలి. 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, కలుగుకు ఒకటి లోపలికి నెట్టాలి. కిలోకు సుమారు 66 పొట్లాలు వస్తాయి. వారం తర్వాత మళ్లీ కలుగులు మూసి చూడండి. తెరుచుకున్నవాటికి మరోసారి పెట్టండి.

జింకు ఫాస్ఫైడ్: కలుగులు మరీ ఎక్కువగా ఉండి, ఎలుకల సంఖ్య త్వరగా తగ్గించాలంటే ఇది. అయితే కొత్త తిండిని ఎలుక అనుమానిస్తుంది. కాబట్టి ముందు రెండు రోజులు మందు లేకుండా, 98 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె కలిపి పెట్టి రుచి మరిగించాలి. తర్వాత 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు కలిపి కలుగుకు 10 గ్రాములు పెట్టాలి. తిని బతికిన ఎలుక మళ్లీ ఆ వాసన దగ్గరికి రాదు. అందువల్ల అదే పంటలో రెండోసారి దీన్ని వాడవద్దు. మిగిలిన వాటికి బ్రోమోడయోలోన్ పెట్టుకోవాలి.

పొట్ట దశ దాటాక: చేలోనే పాలకంకి దొరుకుతుంటే మీ నూకలు ఎలుక ఎందుకు తింటుంది? ఈ దశలో కలుగులకు గడ్డి పొగ పట్టించటం, బుట్టలు పెట్టి పట్టించటం మేలు. అందుకే ఎర పని నారుమడి నుంచి పిలకల దశ లోపే ముగించుకోవాలి.

ఒక్కరే చేస్తే లాభం లేదు

మీకున్నది ఎకరమో, అరెకరమో. మీరు ఎర పెట్టి పక్క చేను వదిలేస్తే వారం తిరక్కుండా అక్కడివి ఇక్కడికి వస్తాయి. గట్టుకు ఇరుపక్కల వారూ, కాలువ కింద రైతులంతా మాట్లాడుకుని ఒకే రోజు కలుగులు మూసి, ఒకే రోజు ఎర పెట్టండి. మందు కలిపి కొనుక్కుంటే తలా కొంచెం ఖర్చే. పోరంబోకు గట్లను, కాలువ గట్లను మరవకండి. గట్లు సన్నంగా, గడ్డి లేకుండా ఉంచితే కలుగులు తగ్గుతాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* ఎలుకల కోసం చేను చుట్టూ కరెంటు తీగ ఎప్పుడూ పెట్టవద్దు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చే మనిషి, అది పక్క రైతైనా మీ కొడుకైనా, ఆ తీగ మీదే పడతాడు. కేసు తర్వాతి సంగతి, పోయిన ప్రాణం తిరిగి రాదు.

* ఎరను వంట గిన్నెల్లో కలపవద్దు. చేతికి తొడుగు వేసుకుని కర్రతో కలపండి. జింకు ఫాస్ఫైడ్‌ను ఆరుబయటే కలపాలి, తడి తగలనీయరాదు. తడి తగిలితే విషవాయువు వస్తుంది.

* పొట్లాలు గట్టు మీద పైకి కనిపించేలా వదలవద్దు. పిల్లలు, కోళ్లు, కుక్కలు ముట్టుకునే ప్రమాదం ఉంది.

* చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. వాటిని తింటే గుడ్లగూబలూ చస్తాయి. రాత్రంతా జీతం లేకుండా మీ చేనుకు కాపలా కాసేది అవే.

* పొరపాటున ఎవరైనా మందు మింగితే నాటువైద్యంతో కాలయాపన చేయక, మందు డబ్బా వెంట తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు. జింకు ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. ఈ తేడా డాక్టరుకు వెంటనే తెలియాలి.

ఇవాళ సాయంత్రం చేలోకి వెళ్లేటప్పుడు పక్క చేను రైతును కూడా పిలవండి. ఇద్దరూ కలిసి గట్టు మీది కలుగులు మూయండి. రేపు ఉదయం తెరుచుకున్నవి ఎన్నో చూస్తే, ఎన్ని పొట్లాలు కావాలో మీకే తెలుస్తుంది.