మోకాళ్ల మీది బరువు



పలాస జీడి కార్ఖానాల్లో గంటల తరబడి కూర్చొని పనిచేసే తల్లులు, బస్సు మెట్టు ఎక్కలేని పెద్దలు, గుడిలో మోకరించలేక బల్ల పట్టుకొని నిలబడేవారు మనకు కొత్త కాదు. వీరిలో స్థూలకాయులైన కొందరికి ఒక ప్రశ్న ఉంటుంది: బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే మోకాళ్ల నొప్పి పోతుందా?

ముందు కారణం చూద్దాం. నడిచేటప్పుడు మన బరువు కొన్ని రెట్లై మోకాలిపై పడుతుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని 2005లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. పైగా ఒంట్లో అధికంగా చేరిన కొవ్వు నుండి వెలువడే పదార్థాలు కీళ్లలో వాపును పెంచుతాయి. కనుక బరువు తగ్గితే నొప్పి తగ్గడం సహజమే.

ఆస్ట్రేలియాలో మోకాలి కీలు మార్పిడికి ఎదురుచూస్తున్న 82 మంది స్థూలకాయులపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. వారిలో 41 మందికి ముందుగా కడుపు ఆపరేషన్ సూచించారు. ఆ 41 మందిలో 12 మంది, నొప్పి తగ్గినందున ఇక కీలు మార్పిడి వద్దన్నారు. రెండో గుంపులో అలా అన్నవారు ఇద్దరే.

అయితే కారణం తొలగినంత మాత్రాన జరిగిన నష్టం పూడదు. అరిగిపోయిన మృదులాస్థి తిరిగి మునుపటిలా పెరగదు. ఆపరేషన్ తరువాత జీవితాంతం విటమిన్లు, కాల్షియం వంటివి వైద్యులు చెప్పినట్లు వాడాలి. గుడ్లు, పప్పు, చేపలు తగినంత తినకుండా, వ్యాయామం చేయకుండా ఉంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మోకాలిని నిలబెట్టేవి తొడ కండరాలే కదా!

మూత్రపిండాల వ్యాధితో ఎన్నో కుటుంబాలు నలిగిన ఉద్దానం వారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనుక్కొని మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి బిళ్లలు బలహీనమైన మూత్రపిండాలను మరింత దెబ్బతీస్తాయి. బైపాస్ పద్ధతి ఆపరేషన్ అయినవారికి అవే బిళ్లలు కడుపులో పుండ్లు తెస్తాయి. ఆ పద్ధతి తరువాత మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం కూడా పెరుగుతుంది. కాబట్టి ఆపరేషన్‌కు ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, మీది ఉద్దానమని, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే ఆ సంగతి కూడా సర్జన్‌కు దాచకుండా చెప్పండి.

నాలుగైదు కిలోలు ఎక్కువున్నవారికి ఈ ఆపరేషన్ అక్కరలేదు. మితాహారం, రోజూ నడక, తొడలకు వ్యాయామం వారికి చాలు. తీవ్ర స్థూలకాయంతో బాధపడేవారిని మాత్రం తిండిపోతులని ఎగతాళి చేయకండి. అది కూడా ఒక జబ్బే. వారిని చేయి పట్టి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం మన ధర్మం.